ఎక్కడెక్కినా సముద్రం కుడిపక్కే

డాబాగార్డెన్స్ సందులో, మూతబడ్డ ప్రెస్సు మెట్ల కింద
నా అద్దెపుస్తకాల కొట్టు.
పైవరస మొత్తం ఒకే కథ,
ముప్ఫై ఏడు పుస్తకాలు, ఒకే ఊరు.
ఊరి పేరు తిరకాసుపట్నం.
నిద్రపోతున్న రాక్షసుడి బొజ్జ మీద కట్టారు దాన్ని.
వాడు ఒత్తిగిలిన రాత్రల్లా
వీధులు చిరునామాలు మార్చుకుంటాయి.
తెల్లారి పోస్టుమాను జీతం పెంచమంటాడు.

మబ్బుపట్టిన ఓ సాయంత్రం
పెదజాలారిపేట నుంచి మైలపల్లి తాతారావు వచ్చాడు.
పాలిటెక్నిక్ రెండో ఏడు. చెప్పులకి ఇసుక.
ఈ కొస నుంచి ఆ కొసకి తలెత్తి చూసి
మెడ రుద్దుకున్నాడు.
"ఓలమ్మో, ఇన్నేటి బాబూ!
ఎక్కణ్ణించి మొదలెట్టాల?"

అంతే, కొట్టులో ఉన్నవాళ్లందరికీ నోళ్లు లేచాయి.

శంబంగి గారు రైల్వే గార్డుగా రిటైరయ్యారు.
"ఇంజను ముందు, బోగీలు వెనక.
ఒకటో నంబరు తియ్యి."
ముప్ఫయ్యేళ్లు ఆఖరి డబ్బాలో కూర్చున్న మనిషి
చెప్పే మాట అది.

కేజీహెచ్ నర్సు ఎలీసమ్మ ఒప్పుకోలేదు.
"ఒకటోది రాసేనాటికి ఆయనకింకా నవ్వించడం రాదండీ,
ప్రతి జోకుకీ ముందు గొంతు సవరించుకుంటాడు.
నాలుగోది ఇవ్వండి.
మంత్రగత్తె రేషన్ షాపు పెడుతుంది,
కందిపప్పు తూకానికి మంత్రం వేస్తే తూకంరాయికి కాళ్లొస్తాయి.
నైట్ డ్యూటీలో ఆ పేజీ దగ్గరే
నా చేతిలో థర్మామీటరు పగిలింది."

జిరాక్సు గంగులు పాడైన కాగితం వెనక బొమ్మ గీశాడు:
దొంగల సంఘం ఇటు, గాడిద మంత్రి అటు,
అగ్గిపుల్లకి జడిసే డ్రాగన్ చుట్టూ తిరిగి మళ్లీ ఇటు.
బాణాలే బాణాలు.
మద్దిలపాలెం జంక్షన్ నయం,
అక్కడ కనీసం పోలీసుంటాడు.

నేను మాట్లాడలేదు కాసేపు.
హుద్‌హుద్ గుర్తొచ్చింది.
ఆరోజు రేకు లేచిపోయి ఈ వరసంతా నానిపోయింది.
మేడ మీద ఎండేసి, పేజీ పేజీ విడదీసి
బైండరుకి ఇస్తే
ఆయన కళ్లజోడూ ఆ గాలికే పోయిందట, చెప్పలేదు.
తొమ్మిదో పుస్తకం మధ్యలో ఇరవయ్యోది నలభై పేజీలు కుట్టేశాడు.
చచ్చిన సేనాపతి తర్వాతి పేజీలో
కాఫీలో పంచదార తక్కువైందని కేకలేస్తాడు.
ఆర్నెల్లు ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు.
ఒకాయనైతే
అన్నిట్లోకీ తొమ్మిదోదే గొప్పదని వాదించాడు.

"తాతారావూ," అన్నాను,
"భీమిలి బస్సు ఎరుగుదువు కదా.
స్టేషన్లో ఎక్కినోడికి కిటికీ సీటు దొరుకుతుంది, కాదనను.
రుషికొండలో ఎక్కినోడు
ఇప్పటిదాకా ఏమైందని కండక్టర్నడుగుతాడా?
టికెట్టు తీసుకుంటాడు,
పక్కవాడి సంచి కాస్త జరుపుతాడు,
ఎక్కడెక్కినా సముద్రం కుడిపక్కే."

చేతికందింది పదమూడోది. పట్టుకెళ్లాడు.

తొమ్మిది రోజులకి తిరిగొచ్చింది,
ఎండుచేపల వాసనతో,
ఎనభయ్యో పేజీలో గుర్తుకి ఒక పొలుసుతో.
తర్వాతిది తీసి ఉంచాను. దానివైపు చూడలేదు.
"ఈ గాడిద మంత్రి అవ్వకముందు ఏటి సేసీది బాబూ?"
ఎనిమిదోది ఇచ్చాను.
వారం తిరిగింది. "మరి ఆ ముందు?"
అయిదోది.
ఆటుపోటుల్లో ఆటు వీడిది.
అందరూ ముందుకి చదివే కథలో
వెనక్కి వెనక్కి తడి ఇసుక తేల్చుకుంటూ పోతున్నాడు.

ఇలాగే పోతే దీపావళి నాటికి ఒకటోదాన్ని చేరతాడు.
బాగుంటుందా అని అడుగుతాడు నన్ను.
ఏం చెప్పను?
పదహారేళ్లుగా అద్దెకిస్తున్నాను,
అట్ట తుడుస్తాను, వీపు అంటిస్తాను,
లోపల ఒక్క వాక్యం చూడలేదు.
మిగతా ముప్ఫై ఆరూ అయిపోయాయి నాకు.
రాసినాయన పోయాడు, ఇక కొత్తవి రావు.
మొదలుపెట్టడానికంటూ
అదొక్కటే ఉంది.

శంబంగి గారికి మాత్రం చెప్పకండి.